పొగగొట్టపు లెక్కయు సభలో చదువవలెను

మన సంఘపు సర్వసభ్య సమావేశమున కార్యదర్శి జమాఖర్చులు చదువునప్పుడు ఏ సభ్యుడైనను లేచి, "ఈ పద్దు ఎట్లు వచ్చినది?" యని అడుగవచ్చును. అట్లడిగినవానిని ఎవ్వరును సంఘద్రోహి యనరు. అడుగువారుండుట వలననే సంఘము నిలుచుచున్నదని మనకందరకును దెలియును. కాని విశాఖపట్టణము చుట్టునున్న రసాయన కర్మాగారముల విషయమున ఇట్టి ప్రశ్న వేసినవాడు పరిశ్రమలకు శత్రువనియు, వేయనివాడు బుద్ధిమంతుడనియు ఒక యభిప్రాయము గ్రామములలో వ్యాపించియున్నది. ఈ యభిప్రాయము మనకును, కర్మాగారములకును గూడ హాని కలిగించునదని నా మనవి.

కర్మాగారములు వలదని నేను చెప్పుట లేదు. మనము చేలకు వేయు సూపరు, యూరియా, కాంప్లెక్సు ఎరువులు రసాయన కర్మాగారములనుండియే వచ్చుచున్నవి. పరవాడ, అచ్యుతాపురము ప్రాంతములలో నొకప్పుడు నాగలి సాగిన భూములలో నేడు మందుల కర్మాగారములు నిలిచియున్నవి; మన బిడ్డలు కొందరు అందు పనిచేసి ఇండ్లకు జీతములు తెచ్చుచున్నారు. ఆ బిడ్డలు ప్రాణములతో ఇంటికి రావలెననుటయే ఈ వ్యాసమునకు మూలము.

2020వ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున గోపాలపట్నము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి పండ్రెండుగురు చనిపోయిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. కట్టుకొయ్యల యొద్దనే పశువులు కూలినవి. ఇది ఎట్లు జరిగెనో రైతునకు సులభముగ బోధపడును. తడి యారని గడ్డిని వామి వేసినచో లోలోపల కాగును; పైన చేయి పెట్టి చూచువానికి ఏమియు తెలియదు; కాగినకొలది మరింత కాగి తుదకు పొగ లేచును. స్టైరీను స్వభావమును అట్టిదే. దానిని చల్లగా నుంచి, గడ్డకట్టకుండ నిరోధక ద్రవ్యము కలుపుచుండవలెను. లేనిచో తనంతట తానే ముద్దకట్టుచు వేడిని పుట్టించును. ఆ వేడి వలన ముద్దకట్టుట ఇంకను త్వరపడును. ప్రభుత్వము నియమించిన ఉన్నత స్థాయి సంఘము విచారించి అదే సంవత్సరము జూలైలో నివేదిక నిచ్చెను. నిరోధక ద్రవ్యము చాలినంత లేకపోవుట, తొట్టి అడుగున తప్ప పైభాగమున వేడిని కొలుచు సాధనము లేకపోవుట, ప్రమాదసూచకమైన సైరను మ్రోగింపకపోవుట అందు బయటపడినవి. వీనిలో ఏదియు విధివశమున జరిగినది కాదు. వామిలోనికి గునపము దించి చూడని రైతు ఎట్టి పొరపాటు చేయునో, అట్టి పొరపాటే అచట జరిగినది.

దీనికంటె విచారింపదగిన సంగతి మరియొకటి కలదు. ఉత్పత్తి చేయుచున్న పరిమాణమునకు తగిన పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ సంస్థయే 2019 మే నెలలో, అనగా ప్రమాదమునకు ఒక సంవత్సరము ముందు, ప్రమాణపత్రమున ఒప్పుకొనియుండెను. ఆ కాగితము కచేరీలో నుండెను. ఆవిరి తొట్టిలో నుండెను. ఈ రెంటికిని నడుమ నివసించు గ్రామస్థునకు ఏ సంగతియు తెలియదు. జాతీయ హరిత ట్రిబ్యునలు ముందుగా 50 కోట్ల రూపాయలు ధరావతు చేయుమని సంస్థను ఆజ్ఞాపించెను. అనుమతి లేకుండ కర్మాగారము నడువనిచ్చిన అధికారులెవరో కనిపెట్టుమని రాష్ట్ర ప్రభుత్వమును గూడ ఆదేశించెను. దోషము ఒకవైపుననే లేదని దీనివలన తేలుచున్నది.

అంతటితో పాఠము నేర్చుకొంటిమా? 2024 ఆగస్టు 21వ తేదీన అచ్యుతాపురమున ఎసెన్షియా మందుల కర్మాగారములో మండెడి ద్రావకము కారి, దాని యావిరి అంటుకొని ప్రేలగా పదునేడుగురు మరణించిరి.

చట్టములు లేక ఇట్లు జరుగుచున్నవా యన్నచో, కాదు. నీటి కాలుష్య నివారణ చట్టము 1974లోను, గాలి చట్టము 1981లోను వచ్చినవి. 1984 డిసెంబరులో భోపాలు ఘోరము జరిగిన పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చెను. 2006 నాటి ప్రకటన ప్రకారము పెద్ద కర్మాగారములు పెట్టుటకు ముందు ప్రజల యెదుట విచారణ జరుపవలెను. అయితే పారిశ్రామిక వాడలలో నెలకొల్పు అనేక కర్మాగారములకు ఈ విచారణనుండి మినహాయింపు కలదు. కనుక మనకు మిగిలిన ముఖ్యసాధనము ఇంకొకటి: అనుమతి పొందిన సంస్థ తానంగీకరించిన షరతులను ఎట్లు నెరవేర్చుచున్నదో ప్రతి సంవత్సరము జూను 1, డిసెంబరు 1 తేదీలలో నివేదిక నీయవలెను; ఆ నివేదికలు ప్రజాపత్రములని ఆ ప్రకటనయే చెప్పుచున్నది. అనగా అవి మనవి. మనలో ఎందరము వానిని చూచితిమి?

పరిశ్రమాధిపతులు కొందరు, "మాకు మేమే నియమములు పెట్టుకొన్నాము, ప్రభుత్వపు తనిఖీ మాకు భారము" అందురు. రసాయన పరిశ్రమలవారు స్వచ్ఛందముగ పాటించు బాధ్యతా నియమావళి యొకటి 1985లో కెనడా దేశమున మొదలై లోకమంతట వ్యాపించిన మాట నిజము. అది మంచిదే. కాని కార్యదర్శి ఎంతటి నీతిమంతుడైనను మనము ఆడిటు మానుకొనము. నీతిమంతుడు ఆడిటునకు వెరవడు. వెరచువానికే ఆడిటు అవసరము.

పొగ తగ్గించుట వట్టి నష్టమని తలచుటయు పొరపాటే. అనకాపల్లి బెల్లము వండు రైతునకు ఈ సంగతి తెలియును. పొయ్యిలో గాలి సరిగా ఆడనిచో నల్లని పొగ లేచును, పిప్పి ఎక్కువ ఖర్చగును, పాకము ఆలస్యమగును. పొయ్యి బాగుచేసినచో పొగయు తగ్గును, పిప్పియు మిగులును. అట్లే లోహములు కరగించు కొలుములనుండి వచ్చు గంధకపు పొగను పట్టి గంధకామ్లముగ మార్చినచో, ఆ యామ్లముతోనే మన సూపరు ఎరువు తయారగును. ఆకాశమునకు పోయినచో విషము, పట్టి యుంచినచో సరుకు.

ఎక్కువ ప్రశ్నించినచో కర్మాగారములు లేచిపోయి మన పిల్లలకు పని దొరకదని భయపడు పెద్దలు కలరు. వారి భయమును నేను తేలికగా త్రోసివేయను. అయినను, వెంకటాపురపు కర్మాగారమును మూయించినది ఎవరి ప్రశ్నయు కాదు. ప్రశ్న లేకపోవుటయే దానిని మూయించినది. సకాలమున ఎవరైనను అడిగియున్నచో ఆ పండ్రెండు ప్రాణములును, అచటి కార్మికుల జీతములును నిలిచియుండెడివేమో.

ఇతరులను లెక్క యడుగు మనము మన లెక్కయు చెప్పవలెను. చెరకు ఆకును చేలోనే తగులబెట్టుట, పురుగుమందు డబ్బాలను కాలువలో కడుగుట మన తప్పులు. వీనిని మానుకొన్నప్పుడే మన మాటకు బరువుండును.

కావున సోదరులారా, రానున్న సర్వసభ్య సమావేశమున మూడు తీర్మానములు చేయుదమని కోరుచున్నాను. మొదటిది, మన పరిసరములందలి కర్మాగారముల ఆరునెలల నివేదికలను సంఘము పేర తెప్పించి, చదువుకొన్న యువకునొకనిచే తెలుగున సంగ్రహము వ్రాయించి సభలో చదివింపవలెను. రెండవది, సంఘ కార్యాలయమున ఒక పుస్తకముంచి, ఏ దినమున ఏ వాసన వచ్చినదో, ఏ చెరువున చేపలు తేలినవో, ఏ చేలో ఆకు మాడినదో తేదీతో వ్రాయవలెను. నోటిమాట గాలికి పోవును, తేదీగల వ్రాత విశాఖపట్టణమందలి కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయమున నిలుచును. మూడవది, సైరను మ్రోగినచో ఏ దిక్కునకు పోవలెనో, గాలివాటమును ఎట్లు చూచుకొనవలెనో కర్మాగారమువారే గ్రామమునకు వచ్చి ఏటేట నేర్పవలెనని వ్రాసి యడుగవలెను.

వీనికి ఖర్చు స్వల్పము, కావలసినది పట్టుదల. అప్పు పత్రముపై వేలిముద్ర వేయుటకు ముందు చదివించుకొనుట మనము ఎన్నియో నష్టములు పడిన పిమ్మట నేర్చుకొంటిమి. మన ఊపిరికి సంబంధించిన పత్రమును చదివించుకొనుటకు ఇంకొక నష్టము కొరకు వేచియుండ పనిలేదు.