బల్ల ఎవరిది?

పెళ్లీడు దాటినవాళ్లు వేలెడంత సిపాయిలకు రంగులేసి, బల్లమీద బారులు తీర్చి, పాచికలు దొర్లించి యుద్ధం ఆడతారని వినగానే మన మిత్రుల్లో కొందరు నవ్వుతారు. మరికొందరు నొసలు ముడిచి, ‘పలాయనవాదం’ అని వొకరు, ‘యుద్ధోన్మాదం’ అని మరొకరు తీర్పు చెప్పేస్తారు. ఆ బొమ్మలమ్మే దుకాణంలో వొక్క సాయంత్రమైనా కూర్చోకుండా చెప్పే తీర్పులివి. అభ్యుదయవాదికి తీర్పుకంటే ముందు పరిశీలన అవసరమని మనవి.

యీ ఆట పుట్టుక మచ్చలేనిదని నేననను. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ పటంమీద యుద్ధం ఆడించింది అధికారుల తర్ఫీదుకే. ఐతే 1913లో దాన్ని నట్టింటి నేలమీదికి దించి, ఎవరైనా ఆడుకునేలా నిబంధనలు రాసిందెవరు? సోషలిస్టు రచయిత హెచ్. జి. వెల్స్. ‘లిటిల్ వార్స్’ అనే ఆ చిన్న పుస్తకంలో ఆయన తేల్చిందేమిటి? బొమ్మల యుద్ధంలోనే యిన్ని పొరపాట్లు జరిగితే, మనుషులతో చేసే యుద్ధం ఎంతటి మూర్ఖత్వమో ఆలోచించమని! మరుసటి ఏడే ఐరోపా తగలబడింది. ఆ నిప్పు పెట్టింది మార్కెట్లకోసం, వలసలకోసం కాట్లాడుకున్న సామ్రాజ్యాలు. అప్పుడు వెల్స్ కూడా ఆ యుద్ధాన్ని సమర్థించాడు. ఆ తప్పు ఆయన రాజకీయాలది. దాన్ని సీసపు సిపాయిల నెత్తిన రుద్దటం న్యాయం కాదు.

యిక దుకాణం సంగతి. 1975లో లండనులో ముగ్గురు మిత్రులు ‘గేమ్స్ వర్క్‌షాప్’ మొదలుపెట్టారు. మొదట చెక్కతో ఆటపలకలు చేశారు. తర్వాత యితరుల ఆటలు తెప్పించి అమ్మారు. 1983లో ‘వార్‌హామర్’, 1987లో ‘వార్‌హామర్ 40,000’ వచ్చాయి. క్రమంగా వాళ్ల దుకాణాల్లోంచి యితరుల సరుకు మాయమైంది. 1994లో కంపెనీ లండను స్టాకు మార్కెటుకెక్కింది. 2024 డిసెంబరులో అక్కడి వంద అగ్రశ్రేణి కంపెనీల సూచీలో చేరింది. బొమ్మ వాళ్లది, రంగు వాళ్లది, నిబంధనల పుస్తకమూ వాళ్లదే. ‘40,000’ ఆటకు 2017లో వొక కూర్పు, 2020లో వొకటి, 2023లో మరొకటి! కొత్తది రాగానే పాత పుస్తకం చెల్లని కాసు. చదరంగానికి యజమాని లేడు. యీ ఆటకు వాటాదారులున్నారు.

ఐనా దుకాణాలన్నీ వొకటి కావు. ఆ దేశంలో వొక చిన్న పట్టణంలో, ఏ కంపెనీకీ చెందని దుకాణానికి నేను వెళ్లాను. ముందుగదిలో పెట్టెల అరలు. వెనకగదిలో నాలుగు బల్లలు, అట్టముక్కలతో చేసిన పాడుపడ్డ కోటలు. వొక బస్సు డ్రైవరూ, కాలేజీ కుర్రాడూ ఎదురెదురుగా నిలబడి టేపుతో అంగుళాలు కొలుస్తున్నారు. తగాదా వస్తే పుస్తకం తీస్తున్నారు. అప్పటికీ తేలకపోతే పాచిక వేసి నవ్వేస్తున్నారు. నాకు ఆట రాదంటే డ్రైవరు తన సైన్యంలో సగం నా ముందు పెట్టి నేర్పాడు. నేనెవరినో, నా జేబులో ఎంతుందో అడగలేదు.

ఆ వెనకగది అద్దె ముందుగది అమ్మకాలమీద వెళ్లాలి. జనం బల్లదగ్గర ఆడి, బొమ్మ మాత్రం ఆన్‌లైన్‌లో చవగ్గా కొంటే ముందు ఎత్తేసేది ఆ బల్లనే. 2010 తర్వాత పొదుపు పేరిట బ్రిటను ప్రభుత్వాలు వందలాది గ్రంథాలయాలు, యువజన కేంద్రాలు మూతపడేట్టు చేశాయి. పైసా ఖర్చు లేకుండా సాయంత్రం నలుగురితో కూర్చోటానికి చోటు కరువైన ఊళ్లో ఆ నాలుగు బల్లల్ని విలాసమని ఎలా అంటాం? సమాజం పెట్టవలసిన బల్లను వొక చిల్లర వర్తకుడు పెట్టాడు. అది అతని గొప్ప, ప్రభుత్వానికి సిగ్గు.

గ్రంథాలయోద్యమంలో కళ్లు తెరిచిన జాతి మనది. పఠనమందిరం బల్ల చుట్టూ ఎన్ని వాదాలు, ఎన్ని సంఘాలు పుట్టాయో మనకు వొకరు చెప్పాలా? బొమ్మల్ని వెక్కిరించటానికి ధైర్యం అక్కర్లేదు. ప్రజల తీరిక సమయానికి యజమాని ఎవరని అడగటానికి కావాలి. విద్యార్థి మిత్రులారా, ఉపాధ్యాయ మిత్రులారా! ఆడేవాణ్ణి వదిలిపెట్టండి. ఆటను కొద్దికొద్దిగా అద్దెకిచ్చేవాణ్ణి నిలదీయండి. మీ ఊరి గ్రంథాలయంలో వొక బల్ల ఎక్కువ వెయ్యమని అడగండి.