రెండవ బిడ్డ లెక్క ఎవరు చూడాలి?



మన డెల్టా గ్రామాల్లో తెల్లవారకముందే రోడ్డు మీదకు వచ్చి నిలబడితే రొయ్యల ఫ్యాక్టరీ బస్సులు కనబడతాయి. భీమవరం చుట్టుపక్కల ప్రాసెసింగ్ యూనిట్లకు వెళ్లే ఆడపిల్లలతో, తల్లులతో నిండి ఉంటాయి. అందులో మన సంఘపు సహోదరీలు చాలామంది. పెద్ద బిడ్డను అత్తగారి దగ్గర నిద్రలోనే వదిలి బస్సెక్కుతారు. అలాంటి ఇంట్లో అనుకోకుండా రెండవ గర్భం వస్తే ఏం జరుగుతుందన్నదే ఈ వారం మన అంశం. ప్రసంగపీఠం మీద నిలబడి చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉండే విషయం కాబట్టే ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ సంగతి వినగానే మనలో ఎక్కువమంది 127వ కీర్తన గుర్తు చేస్తారు. బిడ్డలు దేవుడిచ్చే స్వాస్థ్యమని చెప్పి, ప్రార్థన చేసి, కాఫీ త్రాగి వెళ్లిపోతారు. ఆ కీర్తన సత్యమే. మేమూ అదే నమ్ముతున్నాము. అయితే బట్టలు లేని వానికి, ఆకలితో ఉన్న వానికి మంచి మాట చెప్పి పంపించేవారి గురించి యాకోబు పత్రిక రెండవ అధ్యాయం ఏమంటుందో కూడా మనకు తెలుసు. ఆ తల్లి రాత్రంతా మేలుకుని వేసేది వేరే లెక్క.

ఆ లెక్క మనమూ ఒకసారి వేద్దాం. ఆమె జీతం నెలకు 12,000 రూపాయలనుకోండి. భర్త ఆటో మీద ఖర్చులు పోగా 14,000. మొత్తం 26,000. ఇంటి సరుకులు, గ్యాసు, కరెంటు కలిపి 10,000. పెద్ద బిడ్డ బడి ఫీజు 2,500. డ్వాక్రా వాయిదా 3,000. ఆటో ఫైనాన్సు 6,500. మామగారి బీపీ, షుగరు మందులు 1,500. ఇవన్నీ పోతే మిగిలేది 2,500. ఇప్పుడు ఆమె జీతం ఆగిపోయిందనుకోండి. నెలకు 9,500 తక్కువ. ఆరు నెలలకు 57,000. ఇందులో ఆసుపత్రి ఖర్చు లేదు, బిడ్డకు కొనే బట్ట ముక్క లేదు.

ఈ 57,000 భయంతోనే కొందరు ఎవరికీ చెప్పకుండా మందుల షాపుకు వెళ్తున్నారు. డాక్టరు చీటీ లేకుండా మాత్రలు తెచ్చుకుని మింగి, రక్తం ఆగక ప్రాణం మీదకు తెచ్చుకునేవారు ఉన్నారు. పాపమని కేకలు వేయడం తేలిక. గర్భఫలం దేవుని బహుమానమని నమ్మే సంఘానికే ఈ లెక్క అడిగే బాధ్యత ఎక్కువగా ఉందని మా అభిప్రాయం. లెక్క అడగనివారికి తీర్పు చెప్పే అర్హత ఎక్కడిది?

బైబిలులో తన సొంత బిడ్డకు పాలిచ్చినందుకు జీతం పుచ్చుకున్న తల్లి ఒకామె ఉన్నది. మోషే తల్లి యోకెబెదు. నిర్గమకాండము రెండవ అధ్యాయం నెమ్మదిగా చదవండి. అప్పటికే ఇంట్లో మిర్యాము ఉంది, మూడేళ్ల అహరోను ఉన్నాడు. బానిస కుటుంబం. మగబిడ్డ పుడితే నదిలో పారవేయమని రాజాజ్ఞ. అంతకంటే కష్టకాలంలో వచ్చిన గర్భం ఇంకొకటి ఉంటుందా? దేవుడు ఆ బిడ్డను నీళ్లలోనుండి కాపాడి అంతటితో ఊరుకోలేదు. ఫరో కుమార్తె నోటనే ఆ తల్లికి జీతం ఇస్తానని పలికించాడు. బిడ్డను చంపమన్న రాజుగారి ఇంటి నుండే ఆ డబ్బు వచ్చింది. ఈ మాటను మనం సాధారణంగా గబగబా చదివేసి మండుచున్న పొద దగ్గరకు వెళ్లిపోతాం.

కనుక సహోదరీలారా, మీకు న్యాయంగా రావలసిన డబ్బు అడగడం అవిశ్వాసం కాదు. మీ జీతపు చీటీ చూడండి. నెలకు 21,000 లోపు జీతమైతే ఈఎస్ఐ కట్ అవుతూ ఉండాలి. మీ జీతంలో నుండి నూటికి 75 పైసలు, యజమాని వైపు నుండి మూడుంపావు రూపాయలు. 12,000 జీతానికి మీ వంతు 90 రూపాయలే. ఆ 90 రూపాయలు పోతున్నాయని విసుక్కునేవారే ఎక్కువ. కానీ దాని మీదే రెండవ కాన్పుకు కూడా 26 వారాల పూర్తి జీతం వస్తుంది. అంటే దాదాపు 72,000. పైన మనం వేసిన లోటు 57,000. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

అయితే దీనికి షరతు ఉంది. కాన్పుకు ముందున్న రెండు చందా కాలాల్లో కనీసం 70 రోజులకు చందా కట్టి ఉండాలి. ఒక్కొక్క చందా కాలం ఆరు నెలలు. అందుకే నెల తప్పిందని తెలియగానే భయపడి పని మానేయకండి. ఎంతోమంది చేసే నష్టం ఇదే. వాంతులవుతున్నాయని అత్తగారు మానిపించేస్తారు, అక్కడితో ఆ 72,000 పోయే ప్రమాదం ఉంది. ఒంట్లో నిజంగా బాగాలేకపోతే డాక్టరుతో వ్రాయించి సెలవు పెట్టండి, రాజీనామా చేయకండి. నెలలు నిండుతున్నప్పుడు ఎక్కువసేపు నిలబడే పని తగ్గించమని అడిగే హక్కు కూడా చట్టం ఇచ్చింది. కాంట్రాక్టరు క్రింద పనిచేసేవారు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. కొన్నిచోట్ల జీతంలో కోస్తారు, అక్కడ కట్టరు. మీ ఈఎస్ఐ నంబరు తీసుకుని, చందా పడుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి, తొమ్మిదో నెలలో కాదు.

ఈఎస్ఐ వర్తించని చోట కూడా, పదిమంది లేక అంతకు మించి పనిచేసే సంస్థల్లో ప్రసూతి సెలవు చట్టం ఉంది. 1961 నాటి ఆ చట్టాన్ని 2017లో సవరించి 12 వారాలను 26 వారాలు చేశారు. తరువాత వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అంతే. ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. గర్భవతి అని తీసివేయడం నేరం.

పొలం పనికి వెళ్లేవారి సంగతి వేరు. వారికి ప్రధానమంత్రి మాతృ వందన యోజన క్రింద రెండవ బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు వస్తాయి. మగబిడ్డ అయితే రావు. ఆడపిల్లలను కాపాడాలన్న ఉద్దేశం మంచిదే గాని, పాల డబ్బా కొట్టువాడు బిడ్డ ఆడా మగా అని అడిగి ధర చెప్పడు కదా! అంగన్‌వాడీలో పేరు మాత్రం తప్పక వ్రాయించండి, గుడ్లు, పాలు వదులుకోకండి.

ఆసుపత్రి విషయం. 2011 నుండి ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, భోజనం అన్నీ అందులోనే. ప్రతి నెలా 9వ తేదీన గర్భవతులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి. అయినా బంగారం తాకట్టు పెట్టి ప్రైవేటు నర్సింగ్ హోముకు పరుగెత్తడం మనకు గౌరవమైపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు, తెలంగాణలో 60 కాన్పులు కోత కాన్పులే. మొదటిది కోత అయితే రెండవది కూడా కోతే అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆపరేషన్ వసతి ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి ఏదో అయిదో నెలలోపే చూసి పెట్టుకోండి. నొప్పులు మొదలయ్యాక వెతికితే దగ్గర్లో బోర్డు కనబడిన చోటికే వెళ్తారు.

భర్తలతో ఒక మాట. రెండవ కాన్పు అయ్యాక ఆపరేషన్ అంటే ఆమెకే చేయించాలని ఎవరు చెప్పారు? మగవారి ఆపరేషన్ చిన్నది, అదే రోజు ఇంటికి నడిచి రావచ్చు. మన సంఘాల్లో ఈ మాట ఎత్తగానే మగవారు చెప్పులు వెతుక్కుంటారు.

ఇక సంఘం చేయవలసినది. లేవీయకాండము పన్నెండవ అధ్యాయం చూడండి. బిడ్డను కన్న తల్లి గొఱ్ఱెపిల్లను తేవాలి. తేలేని తల్లి రెండు పక్షులను తెస్తే చాలునన్నాడు దేవుడు. మన ప్రభువు తల్లి మరియ యెరూషలేము దేవాలయానికి వెళ్లినప్పుడు తెచ్చినది ఆ బీదవారి అర్పణే. బాలింత దగ్గర దేవుడే రేటు తగ్గించాడు. మరి మనం? సీమంతం, పేరు పెట్టే కూటం, మొదటి పుట్టినరోజుకు రెండు వందలమందికి బిర్యానీ. అప్పు చేసి పెట్టే కృతజ్ఞతా కూటంలో కృతజ్ఞత ఎవరికి, ఫైనాన్సు వారికా? టీ, బిస్కెట్టు చాలునని కాపరులమైన మేమే ముందుగా చెప్పాలి, చెబుతున్నాము. ప్రసూతి సెలవు డబ్బులో నుండి దశమభాగం ఏ కాపరీ అడగకూడదని కూడా మా అభిప్రాయం. దీనికి కొందరు తోటి సేవకులు ఒప్పుకోరని తెలుసు.

అసలు కష్టం ఆ 26 వారాల తరువాతే మొదలవుతుంది. బిడ్డకు ఆరు నెలలు. తల్లి మళ్లీ బస్సెక్కాలి. పెద్దబిడ్డను చూసిన అత్తగారికి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. యాభైమంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని చట్టం చెబుతుంది. నలుగురు కలిసి వ్రాతపూర్వకంగా అడగండి, ఒక్కరే అడిగితే ఆ ఒక్కరినే గుర్తుపెట్టుకుంటారు. అది వచ్చేలోగా మన మందిరం ఉంది. ఫ్యాన్లు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి, వారంలో చాలా రోజులు తాళం వేసి ఉంటుంది. బిడ్డలను పెంచిన అనుభవమున్న విధవరాండ్రు మన సంఘంలోనే ఉన్నారు, వారికీ చేతిలో నాలుగు రూపాయలు అవసరం. తల్లులు తలా కొంత ఇస్తే, తక్కువైనది సంఘం పెడితే, ఉదయం నుండి సాయంత్రం వరకు అయిదారుగురు పసిబిడ్డలను అక్కడ చూసుకోవచ్చు. చాపలు పాడవుతాయని, గోడలు మురికి అవుతాయని కొందరు పెద్దలు అంటున్నారు. గోడలకు సున్నం మళ్లీ వేయించుకుందాం.

వచ్చే బుధవారం స్త్రీల కూడిక తరువాత దీని గురించి కూర్చుంటాము. ఫ్యాక్టరీలో పనిచేసే సహోదరీలు ఈఎస్ఐ కార్డు, చివరి ఆరు నెలల జీతపు చీటీలు తెచ్చుకోండి. పాస్టరమ్మ గారు ఒక్కొక్కరివి విడిగా చూస్తారు, గర్భం సంగతి ఇంకా ఇంట్లో చెప్పనివారి విషయం బయటకు రాదు. భర్తలు కూడా రావచ్చు.