జీపు మారింది, మన దారి మారలేదు

గుండాల, ఇల్లెందు, చర్ల వైపు నలభై దాటిన ఏ రైతును అడిగినా పాత జీపు ముచ్చట చెప్తాడు. లోపల ఇరవై మంది, పైన మిర్చి బస్తాలు. వాగు వస్తే డ్రైవర్ దిగి ఫ్యాన్ బెల్టు విప్పి, బండిని మెల్లగా నీళ్లలోకి దించేవాడు. పానా, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, చెట్టు కిందే రిపేరు అయిపోయేది.

ఆ బండి రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టింది. 60 హెచ్‌పీ ఇంజను. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ కంపెనీ రైతుల కోసం ఇంకో రకం తీసింది. దానికి పీటీఓ బిగించి నూర్పిడి మిషను నడిపేవారు, నాగలీ లాగించేవారు. మన దేశంలో 1947 నుంచి మహీంద్రా ఆ జీపులను బిగించి అమ్మింది. ఆ వంశంలోదే నేటి థార్. 2020లో వచ్చిన డీజిల్ థార్‌కు 130 హెచ్‌పీ.

కొత్తది చెడ్డదని నేననను. పాత జీపు బోల్తా పడితే ప్రాణాలకు దిక్కుండేది కాదు. ఇప్పుడు ఎయిర్ బ్యాగులు, సీటు బెల్టులు ఉన్నాయి. కానీ నలుగురు కూర్చునే ఆ బండిలో మన బస్తాకు చోటేది? నాలుగు చక్రాలకూ బలం అందే రకం పది లక్షల పైమాటే. పని బండి కాస్తా దర్జా బండి అయింది. 2021 అక్టోబర్ 3న లఖింపూర్ ఖేరీలో నిరసన తెలిపి వెళ్తున్న రైతుల మీదికి దూసుకెళ్లింది కూడా థారే. ఆ మాట మనం మరిచిపోలేం.

రిపేరు సంగతి ఇంకో బాధ. పోయిన వానాకాలం మా ఊరి కొత్త బండి ఒకటి సెన్సార్ పోయి అడవి దారిలో మూడు రోజులు నిలిచిపోయింది. మన మెకానిక్ చేతులెత్తేశాడు. ల్యాప్‌టాప్ పెడితే తప్ప రోగం తెలియదట. ట్రాక్టర్లూ అదే బాట పట్టాయి. 2022 జూలైలో కేంద్రం మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది, అందులో వ్యవసాయ పరికరాలనూ చేర్చింది. అది కాగితం మీద ఆగకుండా చట్టం కావాలి. విడిభాగాలు, రిపేరు వివరాలు ఊరి మెకానిక్‌కు అందాలి.

అసలు మాట ఒకటుంది. ఎంత గట్టి బండి వచ్చినా దారి లేని గూడేనికి అది చేరదు. వానాకాలంలో గర్భిణిని డోలీలో మోసుకొచ్చే రోజులు మన మన్యంలో ఇంకా పోలేదు. అడవి భూమి కాబట్టి రోడ్డు వేయలేమని ఎవరైనా అంటే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూపించండి. గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, ఒక్కో పనికి హెక్టారు లోపు భూమిని రోడ్డుకు ఇవ్వొచ్చు.

బండి కొనడం మన చేతిలో లేకపోవచ్చు. గ్రామసభలో తీర్మానం చేయడం మన చేతిలోనే ఉంది. వచ్చే వానల లోపే ఆ పని చేద్దాం.