అక్క చదువు, తమ్ముడి ఇన్సులిన్

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీలో బి.టెక్. పూర్తిచేసింది. సిస్టమ్స్ బయాలజీలో ఎం.ఎస్. చేస్తానంటోంది. ఇటు డాక్టరూ కాదు, అటు ఇంజనీరూ కాదు, ఆ చదువెందుకంటున్నారు బంధువులు. మా అబ్బాయికి పన్నెండేళ్లు. చక్కెర వ్యాధికి నాలుగేళ్లుగా రోజూ ఇన్సులిన్ ఇస్తున్నాం. "ఇది తమ్ముడిలాంటి వాళ్లకి పనికొచ్చే చదువమ్మా" అంటుంది. నిజమేనా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: నిజమే. ఎంతవరకు నిజమో చెబుతాను.

మేం వైద్యం చదివేటప్పుడు గుండె ఒక అధ్యాయం, కాలేయం ఒక అధ్యాయం. శరీరం అలా విడివిడిగా పనిచేయదు. అన్నం తినగానే రక్తంలో చక్కెర పెరుగుతుంది. క్లోమగ్రంథి ఇన్సులిన్ వదులుతుంది. కండరాలు చక్కెరను తీసుకుంటాయి, కాలేయం తన నిల్వను బయటికి వదలడం తగ్గిస్తుంది. చక్కెర దిగగానే ఇన్సులినూ తగ్గుతుంది. ఒకటి కదిలితే అన్నీ కదిలే ఇలాంటి వ్యవహారాన్ని లెక్కల్లోకి ఎక్కించి, కంప్యూటరులో నడిపి చూడడమే ఈ శాస్త్రం. మీవాడి క్లోమగ్రంథి ఇన్సులిన్ తయారీ మానేసింది గనుక ఆ లెక్క మీరు పూటపూటా బయటినుంచి వేస్తున్నారు.

చక్కెరకూ ఇన్సులిన్‌కూ ఉన్న సంబంధాన్ని బెర్గ్‌మన్, కోబెల్లీ ప్రభృతులు 1979లోనే కొద్దిపాటి సమీకరణాల్లో పెట్టారు. తరువాత ఇటలీలోని పాడువా, అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయాలవారు కంప్యూటరులో మాత్రమే ఉండే 300 మంది రోగులను తయారుచేశారు. వారిలో 100 మంది చిన్నపిల్లలు! ఇన్సులిన్‌ను దానంతటదే సర్దే యంత్రాలను మనుషులకు పెట్టేముందు జంతువులమీద పరీక్షించాలి. వాటికి బదులు ఈ కంప్యూటరు రోగులు చాలునని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒప్పుకుంది. అలాంటి యంత్రాల్లో మొదటిదానికి అక్కడ 2016లో అనుమతి వచ్చింది. ఇవి జబ్బును నయం చేయవు. తిండి లెక్క ఇంకా చెప్పాల్సే ఉంటుంది. మన మధ్యతరగతి ఇళ్లకు ఖరీదూ ఎక్కువే.

ఇక చదువు సంగతి. ఎం.ఎస్. అనగానే మీ బంధువులు సర్జను అనుకుంటారు, ముందే చెప్పేయండి! ఇంటర్లో బైపీసీ తీసుకుని లెక్కల బాధ వదిలిందనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ చదువులో ఆ బాధే ప్రధానం. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ప్రోగ్రామింగు అంటే ఇష్టముంటేనే పంపండి. తమ్ముడి మీది ప్రేమ ఒక్కటే చాలదు. మాలాంటి ఆసుపత్రుల్లో ఉద్యోగం దొరుకుతుందని ఆశపడకండి. పరిశోధనాలయాలు, మందుల కంపెనీలు చూసుకోవాలి.

ఈలోగా ఎవరేం చెప్పినా అబ్బాయికి ఇన్సులిన్ ఆపకండి. జ్వరం వచ్చి అన్నం తినకపోయినా పూర్తిగా మానకూడదు. మోతాదు ఎంతో మీ డాక్టరుగారిని అడగండి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పావుగంటలో మళ్లీ పరీక్ష చేయండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాడి బడి సంచిలో ఒక గ్లూకోజు పొట్లం ఎప్పుడూ ఉండాలి, క్లాసు టీచరుకీ ఈ సంగతి తెలిసి ఉండాలి.