సంపాదకుని మాట: ఆ ముగ్గురు అత్తల ఇల్లు

ఈ సంచికను పిల్లల బొమ్మల పుస్తకాలకు కేటాయించాం. ఆ మాట అనుకోగానే స్వీడన్ రచయిత్రి ఎల్సా బెస్కో (1874–1953) గుర్తొచ్చారు. కథ, బొమ్మలు రెండూ ఆమెవే. 1918లో వచ్చిన ఆమె పుస్తకంలో ఒక చిన్న ఊళ్లో ముగ్గురు అత్తలుంటారు. ఆకుపచ్చ అత్తకు తోటపని, గోధుమరంగు అత్తకు వంట, ఊదారంగు అత్తకు కుట్టుపని ఇష్టం. తప్పిపోయిన తమ కుక్క పుణ్యమా అని వాళ్లకు పేటర్, లోత్తా అనే తోబుట్టువులు పరిచయమవుతారు. అమ్మానాన్నలు లేని ఆ పిల్లలకు అత్తల ఇల్లే సొంతిల్లవుతుంది. ఎదురింట్లో నీలం మామయ్య ఉండనే ఉన్నాడు. 1947 నాటికి ఈ వరుసలో అయిదు పుస్తకాలు వచ్చాయి.

బెస్కో కూడా చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, తల్లి తోబుట్టువుల నీడలో పెరిగారు. అందుకేనేమో, ఈ కథల్లో ప్రేమ ఉపదేశంలా కాక అన్నం పెట్టడంలో, బట్టలు కుట్టడంలో, చేరదీయడంలో కనిపిస్తుంది. కన్నవాళ్లే కానక్కర్లేదు, ఆదరించే పెద్దలుంటే పిల్లలకు అదే కుటుంబమని ఈ పుస్తకాలు నమ్మకంగా చెబుతాయి.

ఈ నెల మీ ఇంటి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క బొమ్మల పుస్తకమైనా చదివి వినిపించండి. బొమ్మలను తనివితీరా చూడనివ్వండి. ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి.

– సంపాదకుడు