తేలు గుర్తు కారు మనకెందుకు వద్దు?

జంషెడ్‌పూర్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొంటానని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, సలహా తయారుగా ఉంటుంది. "మారుతి తీసుకో, రేపు అమ్మినా మంచి రేటొస్తుంది." కద్మాలో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ నోట ముప్పై ఏళ్ళుగా నేను వింటున్న మాట ఇది. కొనేవాడు పొరపాటున ఫియట్ పేరెత్తాడా, ఇక పంచాయితీ మొదలు. కంపెనీయే దేశం వదిలి పోయిందంటారు, పార్టులు దొరకవంటారు, అమ్మబోతే అడిగే నాథుడుండడంటారు. మొన్న మా అక్క కొడుకు, పాతికేళ్ళవాడు, ఫియట్ వాళ్ళ అబార్త్ పుంటో కొనుక్కుంటానన్నందుకు ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా అన్నం తినలేదు. వాడి పక్షాన ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. వాడు చేస్తున్నది తప్పు కాదని నా గట్టి నమ్మకం.

ముందు పెద్ద కల సంగతి తేల్చేద్దాం. ఇటాలియన్ స్పోర్ట్స్ కారు అనగానే మా మేనల్లుడి గది గోడమీదున్న బొమ్మలోలాంటి ఎర్ర ఫెరారీయే ఎవరికైనా గుర్తొస్తుంది. యూరప్‌లో, అమెరికాలో కొద్దిపాటి డబ్బున్న కుర్రాళ్ళు పాత ఆల్ఫా రోమియో స్పైడరో, ఫియట్ 124 స్పైడరో కొని మొదలుపెడతారు. మనకా దారి దాదాపు మూసుకుపోయి ఉంది. విదేశంలో వాడిన కారును మామూలుగా దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపుండాలి, ఆపైన సుంకం కారు ధరనే మించుతుంది. ఇక్కడే తిరుగుతున్న పాత ఫెరారీ చవగ్గా దొరికిందనుకుందాం. దానికి జబ్బు చేస్తే లారీకెక్కించి ఢిల్లీకో ముంబయికో పంపాలి. ఆ మోజు నెల జీతంమీద బతికేవాడికి పనికిరాదు. ఇంతవరకూ పెద్దలతో నాకు పేచీ లేదు.

పేచీ ఆ తర్వాతి మాట దగ్గరే. "కాబట్టి ఇటలీ కారే వద్దు" అంటారు చూడండి, అక్కడ. మన దేశంలోనే, పుణె దగ్గర రంజన్‌గావ్‌లో, టాటా, ఫియట్ కలిసి నడిపిన ఫ్యాక్టరీలో తయారైన ఇటాలియన్ కార్లున్నాయి. 2009లో వచ్చిన లీనియా, ఆ మరుసటి ఏడాది దానికే 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ పెట్టి తెచ్చిన టీ-జెట్, 114 హార్స్‌పవర్. 2015 అక్టోబరులో వచ్చిన అబార్త్ పుంటోలో అదే టీ-జెట్ 145 హార్స్‌పవర్ ఇచ్చింది. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, వందకు చేరడానికి కంపెనీ చెప్పిన లెక్క 8.8 సెకండ్లు, ధర ఢిల్లీ షోరూములో 9 లక్షల 95 వేలు. ముందు భాగాన తేలు బొమ్మ. కార్లో అబార్త్‌ది వృశ్చిక రాశి, 1949లో కంపెనీ పెట్టినప్పుడు ఆ తేలునే గుర్తుగా పెట్టుకున్నాడు. మామూలు ఫియట్లను తీసుకుని రేసు కార్లుగా మార్చడమే ఆయనకు పేరు తెచ్చిన పని. హ్యాచ్‌బ్యాక్ కాబట్టి అబార్త్ పుంటో స్పోర్ట్స్ కారు కాదనేవాళ్ళు ఆ మనిషి చేసిన పనిని తెలుసుకోనివాళ్ళు.

ఇక రీసేల్ మాట. మా అమ్మమ్మగారిది విజయనగరం జిల్లా. సెలవులకి వెళ్తే తాత నన్ను అలమండ పశువుల సంతకి తీసుకెళ్ళేవాడు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టేవాడు, సుడులు చూసేవాడు, మూపురం మీద చెయ్యివేసి నాలుగడుగులు నడిపించి కాళ్ళ చప్పుడు వినేవాడు. మళ్ళీ అమ్మితే ఎంతొస్తుందని ఆయన ఎవరినీ అడగ్గా నేను వినలేదు. దున్నుకోవడానికి కొంటున్నాడు మరి. మనం కారు దగ్గరికొచ్చేసరికి ఈ తెలివిని ఎక్కడ వదిలేశాం? మంచి రేటొచ్చే కారును సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ మంచి రేటు కట్టేది మనమే కదా! అడిగే నాథుడు లేని కారుకి పడిపోయిన విలువంతా మొదటి యజమాని జేబులోంచి పోయింది. ఆ నష్టం ఆయన భరించాక మిగిలిన కారు మన చేతికొస్తుంది. పదేళ్ళు ఉంచుకునేవాడికి ఇంతకంటే లాభసాటి బేరం సెకండ్ హ్యాండ్ మార్కెట్లో లేదు. పెద్దలు భయపెట్టడానికి చెప్పే కారణమే కొనడానికి అసలు కారణం.

పార్టుల మాట నన్ను ఇంకా బాధిస్తుంది, ఎందుకంటే ఈ మాట అంటున్నది జంషెడ్‌పూర్. 1945లో టాటా వాళ్ళ టెల్కో పుట్టిన ఊరు. రైలింజన్లు చేశాం, 1954 నుంచి లారీలు చేస్తున్నాం, పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో వీధి వీధికీ లేత్ మిషన్ తిరుగుతుంది. అలాంటి ఊరివాళ్ళు ఒక 1.4 లీటర్ల ఇంజిన్‌ని చూసి భయపడుతున్నారు. 1998లో వచ్చిన టాటా ఇండికా ఆకారం గీసింది ఇటలీలోని టూరిన్ నగరపు సంస్థ. ఆ తర్వాత ఇండికా విస్టాలో, మాంజాలో, జెస్ట్‌లో క్వాడ్రాజెట్ పేరుతో తిరిగింది ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్ డీజిల్. మారుతి స్విఫ్ట్ డీజిల్‌లో, డిజైర్‌లో ఉన్నదీ అదే. ఫియట్ నమ్మలేమని మా మేనల్లుడికి గంటసేపు బోధించిన పెద్దాయన పన్నెండేళ్ళుగా స్విఫ్ట్ డీజిల్ నడుపుతున్నారు. ఆ పన్నెండేళ్ళూ ఆయన్ని రాంచీకి తీసుకెళ్ళి తీసుకొచ్చింది ఫియట్ ఇంజినే. టీ-జెట్ కూడా కొత్త వింతేమీ కాదు, మాంజా పెట్రోల్‌లో వాడిన ఫైర్ ఇంజిన్ల కుటుంబంలోదే. ఒకప్పుడు టాటా షోరూముల్లోనే ఫియట్లు అమ్మి సర్వీసు చేశారు. ఆ రోజుల్లో వాటిమీద చెయ్యి తిరిగిన మెకానిక్కులు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు.

కష్టం లేదని నేననను. ఫియట్ ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, 2020లో బీఎస్-6 నిబంధన వచ్చేసరికి ఆ కార్లు బజారులో లేవు. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బెల్టులు దొరుకుతాయి. హెడ్‌లైటో బంపరో పగిలితే మాత్రం వారాల తరబడి ఎదురుచూడాలి. టర్బో పోతే ఖర్చు గట్టిగానే పడుతుంది. అందుకే మేనల్లుడికి ఒకే లెక్క చెప్పాను. "నీ దగ్గర ఆరు లక్షలుంటే నాలుగు లక్షల కారే చూడు. మిగిలిన రెండు లక్షలు బ్యాంకులో ఉండాలి, అవీ ఆ కారువే." ఉన్నదంతా కారుమీద పోసి మొదటి రిపేరుకే అప్పుచేసేవాడే చివరికి ఫియట్‌ని తిడతాడు.

ఎలా చూడాలో కూడా చెప్పాలి, సలహా ఇచ్చే పెద్దలు ఎప్పుడూ చెప్పని సంగతి కాబట్టి. కిందటి చలికాలం ఒక ఆదివారం సోనారిలో ఒక టీ-జెట్ చూడటానికి వెళ్ళాం. వెంట ఆదిత్యపూర్ మెకానిక్ వచ్చాడు, శ్రీకాకుళం వైపువాళ్ళ అబ్బాయి. కారు తళతళలాడుతోంది, అమ్మే ఆయన టీ ఇచ్చాడు. మెకానిక్ టీ ముట్టుకోలేదు. నేరుగా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి నావైపు తిరిగి, "బాబూ, ఎచ్చగుందండి. మనమొచ్చే ముందే స్టార్ట్ చేసి ఉంచాడు" అన్నాడు మెల్లగా. చల్లటి ఇంజిన్ స్టార్టయ్యేటప్పుడు వచ్చే శబ్దం, సైలెన్సర్లోంచి మొదట లేచే పొగ, ఆ రెండూ టర్బో ఆరోగ్యం గురించి చాలా చెబుతాయి. వాటిని మేం వినకుండా, చూడకుండా చేశాడాయన. వచ్చేశాం. మరుసటి వారం చెప్పకుండా వెళ్తే అదే కారు నీలంపొగ వదిలింది.

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది సగం సంగతే, రబ్బరుకి వయసు కూడా ఉంటుంది. ఈ ఇంజిన్లో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసి ఆ ఖర్చు ధరలో తగ్గించండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని అర్థం. నాలుగు టైర్లు నాలుగు రకాలుగా ఉంటే ఆ యజమాని కారుని ఎలా చూసుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు. కంప్యూటర్లో ప్రోగ్రాం మార్చి పవర్ పెంచిన కారైతే మొదటిసారి కొనేవాడు ముట్టుకోకూడదు. అబార్త్ అమ్మకాలు మొదలైన రెండు నెలలకే 2015 డిసెంబరులో చెన్నై నీట మునిగింది. అటునుంచి వచ్చిన కారైతే కార్పెట్ ఎత్తి సీటు పట్టాల తుప్పు చూడండి.

కాగితాలు చివర. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ, పేరు మార్పుకి 29, 30, లోన్ ఉన్నదైతే తీరిందని ఫారం 35. ఇక్కడ మళ్ళీ రోడ్ ట్యాక్స్ కట్టాలని మర్చిపోకండి. జేహెచ్-05 నంబరు పడేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

ఇవన్నీ సరిచూసుకున్న కుర్రాడు పొద్దున్నే రాంచీ రోడ్డెక్కి, దల్మా కొండలు పక్కన సాగుతుంటే థర్డ్ గేర్లో టర్బో అందుకున్న క్షణాన వాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈ ఊళ్ళో మూడు తరాలుగా ఇనుముతో, యంత్రాలతో బతికాం. యంత్రాన్ని ప్రేమించే పిల్లాడు ఇంట్లో పుడితే వాణ్ణి రీసేల్ లెక్కలతో అణచడం న్యాయం కాదు.

అక్కా, బావా, వాణ్ణి కొననివ్వండి. వచ్చే ఆదివారం బిస్టుపూర్‌లో ఒక అబార్త్ చూడబోతున్నాడు. పొద్దున్న ఆరింటికే, ఇంజిన్ చల్లగా ఉండగానే వెళ్తాం. నేనూ వస్తాను, మెకానిక్కూ వస్తాడు.