గృహిణీ గోష్ఠి: కంప్యూటరు స్వయంవరము



ఈ మాసమున మా మీర్‌పేట యింట ఒక స్వయంవరము జరిగినది. వరించునది మా అమ్మాయి. వరింపబడుటకు నిలిచినవి కంప్యూటర్లు. ఈ యేడు బి.కాం.లో చేరిన పిల్లకు సొంత కంప్యూటరు లేనిదే చదువు సాగదని తెలిసినది. మూడేండ్లుగా నేను నెలనెలకు చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ము అప్పుడే చేతికి వచ్చియుండెను. దానితో వంటయింటి కప్పు బాగుచేయింపవలెనని నా సంకల్పము. చదువు ముందు, కప్పు తరువాత అని మావారును నేనును నిశ్చయించుకొంటిమి. కావున ఈ యెంపిక మాకు వినోదము కాదు. ఒక్కమారు పొరపడినచో మరల మూడేండ్లు కాచుకొనవలసినదే.

మా అమ్మాయి మనస్సు ముందే ఒకదానిపై నిలిచినది. వెండిరేకువలె పలుచనై, మూత తెరచినంతనే అద్దమువలె మెరయునట్టి ఆపిల్ వారి మాక్‌బుక్ అది. “అమ్మా, దాని అందమే వేరు” అని పిల్ల మాట. “అందము కూడు పెట్టునా?” అని తండ్రి మాట. ఆయన బడిలో ప్రశ్నపత్రములు సిద్ధపరచు యంత్రము విండోస్‌తో నడచునది. ఆయనకు తెలిసినది అదియే. ఇరువురి నడుమ తీర్పు చెప్పు భారము నాపై బడినది. నేను మా తండ్రిగారి యొద్ద భారత భాగవతములు చదువుకొన్నదానను గాని యంత్రశాస్త్రము నెరుగను. అయినను రెండు వారములు అడిగియు, చదివియు తెలిసికొన్న సంగతులను మీకు విన్నవించెదను. ఇట్టి తగవు నేడు పెక్కు ఇండ్లలో జరుగుచున్నది గదా!

అందమును తృణీకరించుట తగదని మొదటనే చెప్పుచున్నాను. మన అమ్మమ్మల నాటి ఇత్తడి బిందెను చూడుడు. దాని సన్నని మెడ నీరు తొణకకుండుటకు. దాని గుండ్రని కడుపు చంకకు అమరుటకు. చూచుటకు అందమైనదియు అదే, మోయుటకు సుకరమైనదియు అదే. పనివాడు మోయు మనిషిని తలచి చేసినప్పుడే వస్తువునకు అట్టి సొగసు కలుగును.

కంప్యూటరునకు అట్టి సొగసు 1998వ సంవత్సరమున వచ్చినదని చెప్పుదురు. అంతవరకు అవి బూడిదవన్నె పెట్టెలు. దివాలాకు చేరువయైన ఆపిల్ సంస్థకు 1997లో మరలివచ్చిన స్టీవ్ జాబ్స్, జోనీ ఐవ్ అను రూపశిల్పిచేత ఐమాక్ అను యంత్రమును చేయించెను. అది సముద్రపు నీటివన్నె గలిగి, లోపలి భాగములు మసకగా కనబడునట్లుండెను. మరుసటి యేట ద్రాక్ష, నారింజ, నిమ్మ మొదలగు పండ్ల పేర్లతో ఐదు వన్నెలలో వెలువడెను. దాని నెత్తిన చేతిపిడి యొకటి కలదు. అది మోయుటకంటె, కంప్యూటరును చూచి బెదరువారు దగ్గరకు వచ్చి చేయి వేయుటకై పెట్టినదట. ఈ మాట చదివినప్పుడు ఆ శిల్పిపై నాకు గౌరవము కలిగినది.

అయితే ఆ యంత్రముతోనే ఇచ్చిన మౌసు పూరీవలె గుండ్రముగా నుండెను. చూడ ముచ్చటయే, కాని చేత బట్టినప్పుడు ముందేదో వెనుకేదో తెలియక జనులు విసుగుకొనిరి. రెండేండ్లకే దానిని మార్చవలసివచ్చెను. 2000లో అదే సంస్థ స్వచ్ఛమైన గాజువంటి తొడుగులో క్యూబ్ అను నలుచదరపు యంత్రమును చేసెను. పంకా లేదు, చప్పుడు లేదు. న్యూయార్కు నగరమునందలి ఆధునిక కళాప్రదర్శనశాలలో దానికి చోటు దొరికినది. ఇండ్లలో మాత్రము దొరకలేదు. ధర యెక్కువ, పైగా తొడుగుపై వెండ్రుకవాసి గీతలు బీటలవలె కనబడుచున్నవని కొన్నవారు వాపోయిరి. 2001 జూలైలో దాని తయారీ నిలిచిపోయెను.

మరియొకటి మన ధూళి ప్రదేశములవారు ప్రత్యేకముగా ఎరుగవలసినది. 2015 మొదలుకొని ఆ సంస్థవారు తమ పుస్తకాకృతి యంత్రములను మరింత పలుచన చేయుటకై సీతాకోకచిలుక రెక్కల పేరుగల మీటలను అమర్చిరి. వానిలో నలుసంత దుమ్ము చేరినను మీట పడకపోవుటయో, ఒకటికి రెండక్షరములు పడుటయో జరుగుచుండెను. ఐదేండ్లకు వానిని విడిచిపెట్టిరి. అమెరికాలో దీనిపై నడచిన వ్యాజ్యము 2022లో 5 కోట్ల డాలర్ల యొప్పందముతో ముగిసినది. నేటి యంత్రములందు ఆ దోషము లేదు. అయినను పలుచదనమే గుణమని భ్రమింపరాదని మనకిది పాఠము.

ఇక ఆపిలా, మైక్రోసాఫ్టా అను పక్షపాతమును గూర్చి ఒక మాట. ఈ రెండును మాకు దూరపు పేర్లు కావు. ఆపిల్ వారి ఎయిర్‌పాడ్స్ అను చెవి పరికరములను చేయుటకై మా ఇబ్రహీంపట్నము మండలమునందలి కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ కర్మాగారమునకు 2023 మే మాసమున శంకుస్థాపన జరిగినది. మైక్రోసాఫ్టునకు 2014 ఫిబ్రవరి నుండి ముఖ్యాధికారి హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్లగారు. ఈ రెంటిలో దేనిని కొన్నను మన యూరి పేరు చెప్పుకొనవచ్చును. ఆ గర్వము ఎంపికకు అక్కరకు రాదు. మీదుమిక్కిలి, 1997 ఆగస్టులో ఆపిల్ కష్టదశలో నున్నప్పుడు 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టి ఆదుకొన్నది ఆ మైక్రోసాఫ్టే. వర్తకులు తమలో తాము సర్దుకొందురు. వారి పేర మన యింట తండ్రీబిడ్డలు మాట లాడుకొనకుండుట వింత గదా! ఈ మాట చెప్పగా మా యింట ఇరువురును నవ్విరి. ఆ పూట కలిసి భోజనము చేసిరి.

ఇప్పుడు నా మనస్సునకు మిక్కిలి దగ్గరైన సంగతి చెప్పెదను. మా తండ్రిగారు తమ కడపటి యేండ్లలో 108 పద్యములతో ఒక శతకము వ్రాసిరి. పదునైదేండ్ల క్రిందట దానిని అచ్చు వేయింపవలెనని ఒక డి.టి.పి. దుకాణములో టైపు చేయించితిమి. అచ్చునకు సొమ్ము కుదరక ఆ ప్రయత్నము ఆగినది. వారు గతించిరి. వ్రాతప్రతి చెదల పాలయినది. “కంప్యూటరులో నున్నది గదా” యని నేను ధైర్యముగా నుంటిని. మొన్న ఈ యెంపిక సందర్భమున ఆ పెన్‌డ్రైవును తెరపించి చూచితిని. పద్యమున కొక్క తెలుగక్షరము లేదు! ఆంగ్లాక్షరములు, చుక్కలు, కొక్కెములు, అర్థము లేని గీతలు. నా గుండె ఆగినంత పనియైనది.

కారణము తరువాత తెలిసినది. కంప్యూటరు లోపల ప్రతి యక్షరమును ఒక సంఖ్యగా దాచును. ఆ రోజులలో తెలుగు అచ్చుపనికి వాడిన ఫాంటులు పెక్కు, ఆంగ్లాక్షరముల సంఖ్యలనే తీసికొని వానిపై తెలుగు రూపములను తొడిగినట్టివి. ఒకరి లెక్క మరియొకరి లెక్కతో కలియదు. ఆ ఫాంటు లేని యంత్రమున తొడుగు ఊడి, అడుగుననున్న ఆంగ్లాక్షరములు బయటపడును. ఈ చిక్కు తీర్చుటకే 1991లో యూనికోడ్ అను సర్వభాషా సంఖ్యాక్రమము వెలువడినది. అందు తెలుగునకు 128 గళ్లు ప్రత్యేకింపబడినవి. ఆ క్రమమున వ్రాసినది ఏ యంత్రమునందైనను తెలుగుగనే యుండును. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అను ఫాంటుతో దీనిని అందించెను. ఆపిల్ వారి కంప్యూటర్లలో తెలుగునకు 2011 నాటి లయన్ కూర్పులో చోటు దొరికినది. లినక్స్ అను ఉచిత వ్యవస్థను హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగు చేసిరి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు పేర్లతో సొంపైన ఫాంటులును నేడు ఉచితముగా లభించుచున్నవి.

ఎంత పెద్ద సంస్థయైనను మన లిపివద్ద తడబడవచ్చును. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరమును ఒకానొక విధముగా కూర్చి పంపినచో ఐఫోనులలోని సందేశపు యాప్‌లు మూతపడుచుండెను. మాక్‌లకును ఆ బెడద తగిలినది. జ్ఞానము అను మాటకు మొదటి యక్షరమే ఆ యంత్రములకు మింగుడుపడలేదు! ఆ నెల 19వ తేదీన ఆపిల్ వారు దిద్దుబాటు పంపిరి.

ఇంతవరకు వచ్చిన పిమ్మట నాకు దమయంతి జ్ఞప్తికి వచ్చినది. స్వయంవర మండపమున నలుని రూపముతోనే మరి నలుగురు దేవతలు కూర్చుండిరి. రూపమునుబట్టి యెంచుట సాధ్యము కాలేదు. అప్పుడామె దేవతల గురుతులను వెదకెను. వారికి రెప్పపాటు లేదు, చెమట లేదు, మెడలోని దండ వాడదు, పాదములు నేలనంటవు. ఎవనికి చెమట పోసినదో, ఎవని దండ వాడినదో, ఎవని పాదములు నేలపై నున్నవో వానినే నలుడని గుర్తించి వరించెను. మనతో కాపురము చేయవలసినది మన నేలపై నిలువగలదై యుండవలెను. ఈ దృష్టితో నాలుగు ప్రశ్నలు వ్రాసికొని దుకాణమునకు పోతిమి.

మొదటిది: పిల్ల చదువునకు కావలసిన పని దీనిపై జరుగునా? వాణిజ్యవిద్యార్థులు నేర్చుకొను టాలీ విండోస్ కొరకు చేయబడినది. చిత్రకళయో, చలనచిత్రముల కూర్పో నేర్చు పిల్లలకు మాక్ తగియుండవచ్చును. రెండవది: చెడినచో ఎక్కడ బాగుచేయుదురు? మీటలు చేతికి ఎట్లున్నవి? బాటరీని మార్చుటకు ఎంతయగును? మూడవది: ఇంకెన్ని యేండ్లు దీనికి పోషణ కలదు? పాతవి చౌకగా కొనువారు దీనిని మరువరాదు. విండోస్ 10నకు సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములు పెక్కింటికి విండోస్ 11 అర్హత లేదు. ఆపిల్ వారు 2020 నుండి సొంత చిప్పులకు మారిరి. ఇంటెల్ చిప్పుగల మాక్‌లకు 2025 నాటి టహోయే కడపటి కూర్పు. నాలుగవది, నాకు ముఖ్యమైనది: నేనిందులో వ్రాసికొన్నది రేపు మరియొక యంత్రములోనికి చెక్కుచెదరక పోగలదా?

ఈ నాలుగవదానిని అక్కడనే పరీక్షించితిమి. మా అమ్మాయి మాక్‌బుక్‌పై ‘జ్ఞానము’, ‘స్త్రీ’, ‘రాష్ట్రము’ అని కొట్టి, విండోస్ యంత్రమునకు పంపి చూచెను. అక్కడనుండి మరల ఇక్కడకు పంపెను. దుకాణమువాడు వింతగా చూచుచుండెను. రెండును నెగ్గినవి. ఉన్నమాట చెప్పవలెను గదా: మాక్‌బుక్ తెరపై మన యక్షరములు మరింత కాంతితో నుండెను. మావారును ఒప్పుకొనిరి.

అయినను మొదటి ప్రశ్నవద్ద అది ఆగినది. మా చీటీ సొమ్మునకు అంతకుముందే ఆగియుండెను. గట్టి మీటలు, తగిన జ్ఞాపకశక్తి గల ముదురు నీలపు విండోస్ యంత్రమును కొంటిమి. పిల్ల ముఖము చిన్నబోయినది. నేను నీతులు చెప్పలేదు. “నీ సంపాదనతో నీకు నచ్చినది కొనుక్కొందువుగాని” అంటిని. బస్సులో ఇల్లు చేరువరకు అది మాటలాడలేదు.

మా తండ్రిగారి పద్యములను పాత సంఖ్యలనుండి యూనికోడునకు మార్చు సాధనమొకటి మావారి శిష్యుడు తెచ్చియిచ్చెను. అక్షరములు తిరిగివచ్చినవి, ఒత్తులు పెక్కు చెదరిపోయినవి. ఛందస్సు చూచుకొనుచు రాత్రులందు దిద్దుచున్నాను. గణము తప్పినచోట ఏ యక్షరము జారినదో యతిప్రాసలే చెప్పుచున్నవి. కొన్నినాళ్లకు మా అమ్మాయి తానే వచ్చి ఆ నీలపు యంత్రము ముందు కూర్చుండి, “అమ్మా, నీవు చదువు, నేను కొట్టెదను” అనెను. ఇంతవరకు 67 పద్యములు కుదిరినవి. మూడింటిలో ఒక్కొక్క పాదము ఎంత తలచినను నాకు జ్ఞప్తికి వచ్చుటలేదు. అవి ఖాళీగనే విడిచితిని.

అక్షరమనగా నశింపనిది అని మనము చదువుకొంటిమి. దానిని నశింపకుండ చూచుకొను పని మాత్రము మనదే. మీ యింట పెద్దల వ్రాతలు, జాబులు, వంటల పద్దులు ఏవైనను పాత పెన్‌డ్రైవులలో నున్నచో, సోదరులారా అని మగవారికి చెప్పి ఊరకుండక, మీరే నేడు తెరచి చూడుడు. వ్రాతప్రతి యింకను చేతనున్నచో దానిని పారవేయకుడు. మా వంటయింటి కప్పునకు ఈ యేటికి టార్పాలిను కప్పితిమి. అది వచ్చే యేడైనను బాగగును.